ఎత్తు చెప్పే ముల్లు

మాస్టారికి నిచ్చెన ఎక్కాలన్నా భయమే. ఇంట్లో బల్బు మాడిపోతే ఆయన కింద నిలబడి నిచ్చెన పట్టుకునేవారు, భార్య ఎక్కి మార్చేది. అలాంటి మనిషికి సొంత విమానం నడిపే భార్య దొరికింది.

ఆవిడ పశువుల డాక్టరు. అందరూ డాక్టరమ్మ అనేవారు. వాళ్ళుండే పట్నానికి పడమట ఒక కొండల వరస ఉంది. దాని అవతలంతా పాల ఫారాలు, గొర్రెల దొడ్లు, గుర్రాల శాలలు. రోడ్డు కొండల్ని చుట్టుకుని పోతుంది కనక కారులో వెళ్తే సగం రోజు దారిలోనే గడిచిపోతుంది. ఈనలేక అవస్థపడుతున్న ఆవు సగం రోజు ఆగదు. అందుకే డాక్టరమ్మ వయసులో ఉండగానే విమానం నడపడం నేర్చుకుని, ఎవరో వాడి వదిలేసిన చిన్న విమానాన్ని ఒకదాన్ని సంపాదించింది. ముందు ఒకే పంకా, బీరువా తలుపుల్లా కిర్రుమనే రెండు తలుపులు, నాలుగు సీట్లు. వెనక సీట్లు రెండూ తీయించేసి మందుల పెట్టెలు పెట్టుకుంది.

ఏళ్ళ తరబడి ఆవిడ ఒక్కతే వెళ్ళొచ్చేది. మాస్టారు స్కూల్లో లెక్కలు చెప్పుకునేవారు. ఆకాశంలో ఆ చప్పుడు వినబడితే బోర్డు మీద ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగేది. చప్పుడు దిగువకి దిగి, సన్నబడి, ఆగిపోయాక మళ్ళీ రాసుకుపోయేది. పిల్లలకి ఆ సంగతి తెలుసు. ఆ కాసేపూ ఎవరూ అల్లరి చేసేవారు కారు.

కిందటి చలికాలంలో డాక్టరమ్మ కుడికంట్లో శుక్లం తీశారు. కొన్ని నెలలు విమానం షెడ్డులోనే ఉంది. ఎలాగూ ఖాళీగా ఉంది కదాని ఆ రోజుల్లోనే దాని పాత రేడియో తీయించి కొత్తది పెట్టించారు. ఎండలు మొదలయ్యేసరికి కంటి డాక్టరు పరీక్ష చేసి, ఇక నడుపుకోవచ్చన్నాడు. ఆ మాట విన్న సాయంత్రమే మాస్టారు, భోజనం దగ్గర తల ఎత్తకుండా అన్నారు.

"ఇకనుంచి సెలవు రోజుల్లో నేనూ నీతో వస్తాను."

డాక్టరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "మీరా?"

"ఏం, రాకూడదా? ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని ఏం చేస్తాను?"

ఆయన మనసులో ఉన్నది వేరు. ఆ కంటికి గాల్లో ఏమైనా అయితే పక్కన ఇంకో మనిషంటూ ఉండాలి కదా. తీరా చేసి, ఆ ఇంకో మనిషి విమానం నేల వదిలిన దగ్గర్నించీ కళ్ళు మూసుకునే కూర్చునేవాడు. బుగ్గన ఒక పిప్పరమెంటు బిళ్ళ, నడుముకి ఊపిరాడనంత బిగువుగా పట్టీ. తన వైపు తలుపులో ఉన్న చిన్న కిటికీని వేలితో తోసి, మొహానికి గాలి తగిలేలా పెట్టుకుని, పందొమ్మిదో ఎక్కం చదువుకునేవారు. అది అయిపోతే ఇరవై మూడోది. పెదాలు కదలడం చూసి డాక్టరమ్మ ఆయన పాట పాడుకుంటున్నారనుకునేది.

ఇలా వేసవి నడిమికొచ్చింది. ఒకరోజు కొండల అవతల ఫారంలో ఆవుకి కవల దూడలు అడ్డం తిరిగాయని కబురొచ్చింది. ఇద్దరూ వెళ్ళారు. పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. దూడలు రెండూ బతికాయి. తిరిగి బయల్దేరినప్పుడు ఎండ మండిపోతోంది, గాలినిండా దుమ్ము, దూరంగా ఉన్న కొండలు మురికినీళ్ళలోంచి చూసినట్టు కనబడుతున్నాయి. విమానం గతుకుల రోడ్డు మీద బండిలా కుదుపుతోంది. మాస్టారి కడుపులో తిప్పడం మొదలైంది. ఎప్పుడూ రెండు వేళ్ళ సందు వదిలే కిటికీని ఆ పూట పూర్తిగా తోసేశారు.

కొండల్ని ఎప్పుడూ ఒకే ఎత్తులో దాటడం డాక్టరమ్మకి అలవాటు. ఎదురుగా ఉన్న పలకలో ఒక గుండ్రటి గడియారంలాంటిది ఉంటుంది. సముద్రమట్టానికి ఎంత పైన ఉన్నామో దాని ముల్లు చెప్తుంది. ముల్లు ఆ అంకె మీద ఉంటే చాలు, కింద చెట్లు దూరంగా నాచు పరిచినట్టు కనబడతాయి. మాస్టారు ఇరవై మూడో ఎక్కంలో సగంలో ఉండగా ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచింది. ఆయన వీపు సీటుకి అదుముకుంది. కళ్ళు తెరిచారు.

కింద నాచులా లేదు. చెట్ల కొమ్మలు కొమ్మలుగా కనబడుతున్నాయి. ఒక కొమ్మ మీద గూడు, ఆ గూట్లోంచి లేచిపోతున్న పక్షి కూడా కనబడింది. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. డాక్టరమ్మ విమానాన్ని పైకి లేపి, కొండ దాటించి, కొంచెం చుట్టు తిరిగి, పట్నం బయట విమానాలు దిగే మైదానంలో మెత్తగా దించింది.

పంకా ఆగాక ఆవిడ దిగలేదు. ముల్లు వైపే చూస్తూ కూర్చుంది. అది మైదానం ఎత్తు ఎంతో సరిగ్గా అంతే చూపిస్తోంది, ఏమీ ఎరగనట్టు.

"ఏవండీ, చెట్లు చూశారా?"

"చివర్లో చూశాను."

"ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. నేను చూసుకుంటూనే ఉన్నాను. మరి చెట్లు అంత దగ్గరికి ఎలా వచ్చాయి?"

మాస్టారు ఏం చెప్తారు? చివరి క్షణం దాకా కళ్ళు మూసుకునే ఉన్నానని చెప్పడానికి నోరు రాలేదు. "నేను సరిగ్గా గమనించలేదు," అన్నారు.

మర్నాడే మెకానిక్‌ని పిలిపించారు. మైదానం పక్కన రేకుల షెడ్డు అతనిది. విమానాలు బాగుచెయ్యడంలో మంచి పేరుంది కాని, ఏం అడిగినా అతని నోటివెంట వచ్చే మొదటి మాట "చూద్దాం." అవుతుందా అంటే చూద్దాం, ఎప్పటికవుతుంది అంటే చూద్దాం. ఆఖరికి ఆ మాటే అతనికి పేరైపోయింది. పెళ్ళాం కూడా ఫోనులో "చూద్దాంగారు భోజనానికి వస్తున్నారా?" అని అడుగుతుందని చెప్పుకునేవారు.

చూద్దాం ముల్లున్న గడియారాన్ని విప్పి తీసి, దాన్ని పరీక్షించే చోటికి స్వయంగా పట్టుకెళ్ళాడు. అక్కడ గాజు డబ్బాలో పెట్టి గాలి తీస్తూ, నింపుతూ చూశారు. అడుగు తేడా లేకుండా చెప్పింది. తిరిగి తెచ్చి బిగించాడు. తర్వాత విమానం పొట్టకి రెండు పక్కలా ఉండే సన్నటి బెజ్జాలు చూశాడు. బయటి గాలి వాటిలోంచి సన్నటి గొట్టంలో పడి ఆ గడియారంలోకి వెళ్తుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గడాన్నిబట్టే ముల్లు ఎత్తు చెప్తుంది. ఒక్కోసారి పురుగులు ఆ బెజ్జాల్లో మట్టి పెడతాయి. వీటిలో ఏమీ లేదు, శుభ్రంగా ఉన్నాయి.

"గొట్టంలో ఎక్కడన్నా గాలి కారుతోందేమో చూడటానికి ఒక పెట్టె ఉందమ్మా. అది రిపేరుకి పోయింది. వచ్చాక అదీ చూద్దాం. ఈలోగా ఒకసారి మీరూ నేనూ ఎక్కి చూద్దాం," అన్నాడు.

చల్లటి పొద్దుటిపూట ఇద్దరూ ఎక్కారు. చూద్దాం ఉపగ్రహాల లెక్కన ఎత్తు చెప్పే తన జీపీఎస్ ముక్కని ఎదురుగా అంటించాడు. కొండల దాకా వెళ్ళారు, దాటారు, తిరిగొచ్చారు. ముల్లూ, జీపీఎస్సూ కవల పిల్లల్లా ఒకే మాట చెప్పాయి. దిగాక చూద్దాం టోపీ తీసి తల గోక్కున్నాడు. అతని అనుమానం తన కంటి మీదికి పోయిందని డాక్టరమ్మకి అర్థమైంది.

ఆవిడ కంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చింది. కన్ను బాగానే ఉందన్నాడు. కాని వచ్చేముందు, "దూరాలు అంచనా వెయ్యడం కొందరికి కుదురుకోడానికి టైము పడుతుందిలెండి," అని ఒక మాట అన్నాడు. మామూలుగా అన్నాడు. ఆవిడకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ముగ్గురు ఉన్నారు. మూడో మనిషి మాస్టారి అక్క. భర్త పోయాక తమ్ముడి ఇంటికొచ్చి ఉంటోంది. మాటే కరుకు, మనిషి కాదు.

"ఇక నేను నడపను," అంది డాక్టరమ్మ.

అక్క నీళ్ళగ్లాసు కింద పెట్టింది. "అదేంటే? ఆ పెట్టేదో రావాలన్నాడుగా అతను."

"అది వచ్చి ఏం తేలుస్తుంది వదినా? అతను నా పక్కన కూర్చున్నప్పుడు ముల్లు సరిగ్గానే చెప్పింది. ముల్లు బాగుంది. బెజ్జాలు బాగున్నాయి. ఇక మిగిలింది నేనే." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "ఆ రోజు పక్క సీట్లో ఈయన ఉన్నారు. నేను విమానాన్ని కొండకి కొడితే ఈయన గతేంటి?"

మాస్టారు "నీ ఇష్టం" అన్నారు. కాని ఆ రాత్రి, వేసవి మొదలైన దగ్గర్నించీ పట్టనంత గాఢంగా నిద్రపట్టింది. పొద్దున్నే లేచి అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తున్నారు. గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

"ఒరే, నీకు సంతోషంగా ఉందిరా."

"నాకా? నాకేం సంతోషం?"

"చిన్నప్పుడు బడికి సెలవిచ్చారంటే ఇదిగో ఇలాగే ఉండేది నీ మొహం. గోడెక్కమంటే జ్వరం తెచ్చుకునేవాడివి, నాకు తెలీదా నీ సంగతి? అక్కడ అది కళ్ళు పోయాయనుకుని కూర్చుంది. నువ్వేమో పీడ విరగడైందని పాటలు పాడుతున్నావు."

మాస్టారు మొహం కడుక్కుని, తుడుచుకోవడం మర్చిపోయి, అలాగే హాల్లోకి వచ్చారు. పక్క గదిలో డాక్టరమ్మ ఫోనులో మాట్లాడుతోంది. ఎవరో ఫారం మనిషి, ఆవు ఈనలేక పడుకుండిపోయిందట. రాలేనని చెప్పి, ఎలా చెయ్యాలో చెప్తోంది. "చెయ్యి లోపలికి పోనివ్వండి. భయపడకండి. మొదట ఒక కాలు చేతికి దొరుకుతుంది. అది ముందుకాలో వెనక కాలో చూసుకోండి, మోకాలు ఎటు మడుస్తోందో చూస్తే తెలుస్తుంది. లాగకండి. తోయండి, వెనక్కి తోయండి." చాలాసేపు మాట్లాడి ఫోను పెట్టేసింది. మాస్టారు తలుపు సందులోంచి చూశారు. ఆవిడ కుడిచెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. వేళ్ళు మెల్లగా మడిచి, తిప్పి, కనబడని దూడ కాలుని సర్దుతోంది.

మాస్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది. చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, మైదానానికి వెళ్ళిపోయారు.

చూద్దాం షెడ్డులో ఏదో ఇంజను ముందు చతికిలబడి ఉన్నాడు.

"మీకు విమానం నడపడం వచ్చుగా?" అన్నారు మాస్టారు.

"బాగుచేసింది నడిపి చూసుకోకపోతే ఎలా మాస్టారూ?"

"అయితే నన్ను మా విమానంలో కొండల దాకా తీసుకెళ్ళి తీసుకురండి."

చూద్దాం చేతులు గుడ్డకి తుడుచుకుంటూ లేచాడు. మాస్టారి సంగతి అతనికి కొంత తెలుసు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ మొహం రంగు చూస్తూనే ఉన్నాడు. "ఎందుకండీ?"

"మొన్న మీరు పరీక్ష చేశారు, బాగానే ఉంది. కాని ఆ పరీక్షా, ఆ రోజూ ఒకటి కాదు. ఆ రోజు మండే ఎండ, మీరు వెళ్ళింది పొద్దున్న. ఆ రోజు పక్క సీట్లో ఉన్నది నేను, మొన్న ఉన్నది మీరు. లెక్క తప్పితే మళ్ళీ అదే లెక్క చెయ్యాలి గాని, వేరే లెక్క చేసి ఇది సరిగ్గానే వచ్చిందంటే ఎలా?"

అతని అలవాటు మాట నోటిదాకా వచ్చి ఆగినట్టుంది. "డాక్టరమ్మగారిని ఒక మాట అడగొద్దా?"

మాస్టారు అడిగారు. ఫోనులో, షెడ్డు వెనక్కి వెళ్ళి. ఏం చెప్పారో గాని, వెనక్కి వచ్చి, "ఒప్పుకుంది," అన్నారు.

ఎండ బాగా ఎక్కాక బయల్దేరారు. ఈసారి మాస్టారు కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే వచ్చిన పనే లేదు. చక్రాలు నేల వదిలినప్పుడు కింద ఇళ్ళు చిన్నవైపోతుంటే ఒళ్ళంతా చల్లటి చెమట పట్టింది. అయినా చూపు ముల్లు మీదే పెట్టారు. ముల్లు పాకింది, పక్కన జీపీఎస్ అంకె పాకింది. రెండూ ఒకటే.

"తేడా ఏమన్నా ఉందా?" అని మాటిమాటికీ అడుగుతున్నారు.

"లేదండీ," అంటున్నాడు చూద్దాం.

కొండలు దాటారు. తిరిగారు. కుదుపులు మొదలయ్యాయి. మాస్టారు పళ్ళ బిగువున ఓర్చుకున్నారు గాని, కడుపు వినలేదు. ఇక లాభం లేదనుకుని కిటికీని బలంగా తోసి, మొహం గాలికి పెట్టి, రెండు గుక్కలు పీల్చుకున్నారు. కొంచెం ప్రాణం లేచొచ్చింది.

హెడ్‌ఫోనులో చూద్దాం గొంతు వినిపించింది. "మాస్టారూ, ఇప్పుడేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు."

"చేశారు. ఇప్పుడే ఏదో చేశారు."

"కిటికీ తీశాను. కడుపులో తిప్పుతోంది."

"మూయండి."

"మూస్తే కక్కుకుంటానేమో."

"కక్కుకోండి, కడుక్కుందాం. ఒక్కసారి మూయండి."

మాస్టారు మూశారు. అప్పుడు చూశారు ముల్లు వైపు. రెండు వందల అడుగులు ఎక్కువ చూపిస్తున్న ముల్లు, ఎవరో చెవి మెలేసినట్టు కిందికి వచ్చి జీపీఎస్ అంకె మీద కూర్చుంది. విమానం మాత్రం ఉన్న చోటే ఉంది.

"తీయండి," అన్నాడు చూద్దాం.

తీశారు. ముల్లు లేచింది. పక్కన వేగం చూపే ముల్లు కూడా కొంచెం లేచింది.

"సగం మూయండి."

సగం మూశారు. ముల్లు సగం దిగింది.

మాస్టారు కడుపు సంగతి ఎప్పుడు మర్చిపోయారో ఆయనకే తెలీదు. "ఆగండి, పావు తీస్తాను. ఇప్పుడు చూడండి. మీరు కొంచెం వేగం పెంచండి. ఇప్పుడెంత?" అంటూ ఒక కిటికీ పలకని ముందుకీ వెనక్కీ తోస్తూ, అంకెలు పైకే చదువుతూ, పిల్లలతో బోర్డు ముందు నిలబడ్డట్టు అయిపోయారు. ఒకసారి యథాలాపంగా కిందికి కూడా చూశారు. చెట్లు దూరంగా, పచ్చగా, నాచులా ఉన్నాయి. అవి అంత అందంగా ఉంటాయని ఆయనకి అప్పటిదాకా తెలీదు.

దిగాక చూద్దాం ఆగలేదు. టార్చి పట్టుకుని, ఎదుటి పలక కింద వెల్లకిలా పడుకుని, కొత్త రేడియో విప్పి బయటికి లాగాడు. దాని వెనక, చిటికెన వేలంత కూడా లేని నల్లటి గొట్టం ఒక మూల దగ్గర మడత పడి ఉంది. మడత పక్కన గోటిగాటులాంటి చీలిక. వేలితో వంచితే నోరు తెరుస్తోంది, వదిలితే మూసుకుంటోంది.

"ఇదిగోండి మాస్టారూ, చూడండి. ఈ గొట్టం బయటి గాలిని తేవాలి. చీలింది కనక లోపలి గాలిని పీలుస్తోంది. కిటికీలు మూసుంటే లోపలి గాలికీ బయటి గాలికీ పెద్ద తేడా ఉండదు, ముల్లు మాట నిలబడుతుంది. కిటికీ తీస్తే బయట దూసుకుపోయే గాలి లోపలి గాలిని లాగేస్తుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది. ముల్లేమో మనం పైకి వెళ్ళామనుకుంటుంది."

"అది పైకి వెళ్ళామనుకుంటే, తను కిందికి దించింది."

"అంతే. అంకె సరిగ్గా నిలబెట్టింది ఆవిడ. అంకే తప్పు."

మాస్టారు విమానం తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు.

చూద్దాం లేచి కూర్చున్నాడు. "ఇది నా పనే మాస్టారూ. రేడియో బిగించేటప్పుడు చెయ్యి దూరలేదు, గొట్టాన్ని పక్కకి నెట్టాను. అప్పుడే చీలుంటుంది. మొన్న కిటికీ మూసుకుని వెళ్ళాం గనక పట్టుకోలేకపోయాను. ఆవిడకి నేనే వచ్చి చెప్తాను."

"రండి. కాని నేను ముందు వెళ్ళాలి. నేను చెప్పాల్సింది కూడా ఒకటుంది."

"మీరేం చెప్పాలి?"

"కిటికీ ఎందుకు తీస్తానో."

మాస్టారు ఇంటికొచ్చేసరికి డాక్టరమ్మ వరండాలో నిలబడి ఉంది. విమానం చప్పుడు విన్న దగ్గర్నించీ అక్కడే ఉందని అక్క తర్వాత చెప్పింది. మాస్టారు మెట్ల మీదే నిలబడి, గుక్కతిప్పుకోకుండా మొత్తం చెప్పేశారు. గొట్టం, చీలిక, కిటికీ, సగం మూస్తే సగం దిగడం, అన్నీ.

డాక్టరమ్మ విని, "నా కళ్ళు కాదా?" అంది.

"కాదు."

"చూద్దాంగారు కూడా చూశారా?"

"ఆయనే చూపించారు. గొట్టం చేత్తో పట్టుకుని చూశాను."

"నా కళ్ళు కాదన్నమాట," అని ఆవిడ కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా అప్పుడు వదిలింది. అక్క లోపల్నించి మంచినీళ్ళు తెచ్చి, ఆవిడ తల మీద చెయ్యి వేసి నిలబడింది.

కాసేపయ్యాక డాక్టరమ్మ తేరుకుని అడిగింది. "అయినా ఏవండీ, అంత గాలిలో మీరు కిటికీ ఎందుకు తీస్తారు?"

మాస్టారు చెప్పులు విప్పుతూ నేల చూపులు చూశారు. "భయం. ఎక్కిన దగ్గర్నించీ దిగేదాకా భయమే. కడుపులో తిప్పుతుంది. కళ్ళు మూసుకుని కూర్చుంటాను."

"మరి పాటలు పాడుకుంటారుగా?"

"పాటలు కాదు. ఎక్కాలు."

డాక్టరమ్మ ఆయన వైపు అలాగే చూసింది. "మరి మీకు ఇష్టమనుకుని నేను ప్రతిసారీ చెరువు మీదుగా చుట్టు తిప్పి తెచ్చాను. ఆ కొంగలు, ఆ నీళ్ళు, అవన్నీ మీరు చూస్తారని."

"చుట్టు తిప్పావా?"

"ప్రతిసారీ. నేరుగా వస్తే ఎప్పుడో దిగిపోయేవాళ్ళం."

అక్క నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. డాక్టరమ్మకి కూడా నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళు ఇంకా ఆరకుండానే పగలబడి నవ్వింది. మాస్టారు మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, "ముందే ఒక మాట చెప్పొచ్చుగా," అని గొణిగారు.

"ఎవరు చెప్పొచ్చు?" అంది డాక్టరమ్మ.

అప్పటికి చూద్దాం గేటు దగ్గరికి వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని, దాచకుండా తన పొరపాటు చెప్పాడు. డాక్టరమ్మకి కోపం వచ్చింది. వచ్చిందని అతనికి తెలిసేలానే రెండు మాటలు అంది. అతను తల వంచుకుని మాట పడ్డాడు. ఆ తర్వాత, "ఇకనుంచి నా విమానం దగ్గర మాత్రం చూద్దాం అనకండి. చూశాను అనండి," అంది.

"అలాగేనమ్మా."

కొత్త గొట్టం వేశాడు. గాలి కారుతోందేమో చూసే పెట్టె కూడా వారం తిరక్కుండా వచ్చింది. దాన్ని బెజ్జాలకి తగిలించి, ముల్లుని పైకి లాగి వదిలేసి, అతనూ డాక్టరమ్మా దాని ముందు కూర్చున్నారు. ముల్లు ఎక్కడ పెట్టారో అక్కడే ఉండిపోయింది. చూద్దాం పక్క సీట్లో కూర్చుని కిటికీ బార్లా తీసి పెట్టగా, డాక్టరమ్మ కొండల దాకా వెళ్ళొచ్చింది. ముల్లు పట్టించుకోలేదు. దిగగానే అతను, అడక్కుండానే, "చూశానమ్మా," అన్నాడు.

ఆ మరుసటి సెలవు రోజున గుర్రాల శాల నుంచి కబురొస్తే డాక్టరమ్మ బయల్దేరింది. మాస్టారు పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, పిప్పరమెంటు బిళ్ళలు జేబులో వేసుకుని తయారయ్యారు. ఆవిడ తలుపు దగ్గర ఆయన జేబులోంచి ఆ పొట్లం తీసేసుకుంది.

"మీరు రావద్దు."

"నాకేం ఫర్వాలేదు. మొన్న కళ్ళు తెరుచుకునే వెళ్ళొచ్చాను."

"తెలుసు. చూద్దాంగారు చెప్పారు. అందుకే రావద్దంటున్నాను. నాకు ఎప్పుడైనా నిజంగా భయమేస్తే పిలుస్తాను. అప్పుడు రండి."

ఆయన కాస్త నొచ్చుకున్నట్టు నిలబడ్డారు గాని, భుజాలు తేలికపడి కిందికి దిగడం ఆవిడ చూసింది.

సాయంత్రం మాస్టారూ, అక్కా కారులో మైదానానికి వెళ్ళి, షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్నారు. ఎండ తగ్గింది, దుమ్ము అణిగింది, కొండలు దగ్గరగా, స్పష్టంగా ఉన్నాయి. ముందు చప్పుడు వినబడింది. తర్వాత కొండల వరసకి బాగా పైన ఒక చుక్క కనబడింది.

"ఎత్తు బాగానే ఉందంటావా?" అంది అక్క.

మాస్టారు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "బాగుంది. చాలా పైన ఉంది."

"హమ్మయ్య," అంది అక్క, గట్టిగా కాదు.

డాక్టరమ్మ దిగి వచ్చింది. చేతులకి మందు వాసన, జుట్టునిండా గడ్డిపోచలు. గుర్రం పిల్ల లేచి నిలబడిందని, తల్లి తన చొక్కా చెయ్యి కొరికిందని చెప్పింది. మందుల పెట్టెలు కారులో సర్దాక, రోజూ కారు నడిపే మాస్టారు తాళాలు ఆవిడ చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. వీధి మలుపు తిరిగేలోగానే ఆయన తల తలుపు మీదికి వాలిపోయింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. వెనక సీట్లోంచి అక్క వంగి చూసి, "పడుకున్నాడే," అంది. డాక్టరమ్మ గతుకులు తప్పించుకుంటూ మెల్లగా నడిపింది.